హస్తవాసి, ఒక కార్నర్‌బ్యాక్

మా దివాణం ఆస్తుల్లో నా వంతుకు వచ్చింది హస్తవాసి ఒక్కటే. భూములు తాతగారి హయాంలోనే పోయాయి. మేడ ఇప్పుడు ఏసీ కల్యాణ మండపం. నేను పుట్టిన గదిలో ప్లేట్లు కడుగుతున్నారని విన్నాను. చేతిని మాత్రం ఎవరూ వేలం వేయలేకపోయారు. మా తాతగారు మొదటి గింజ వేయందే చుట్టుపక్కల ఎవరూ విత్తనం చల్లేవారు కాదు. మా నాన్నగారు బోణీ చేసిన దుకాణాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ చేతుల వల్ల మేము తప్ప అందరూ బాగుపడ్డారు.

సింగపూర్ వచ్చి ఆంగ్ మో కియోలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా వైపు కుర్రాడొకడు పుంగ్గోల్‌లో ఫ్లాట్ కొని, గృహప్రవేశం రోజు పట్టుబట్టి నా చేత పాలు పొంగించాడు. ఏళ్ల తరబడి రాని పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతి, అతనికి ఆ నెలలోనే వచ్చింది. అప్పటినుంచి ఆ ఇంట్లో కొత్త కుక్కరు కూడా నేను ముట్టుకున్నాకే పొయ్యెక్కేది.

అతను అమెరికాలో చదువుకుని డిగ్రీతోపాటు ఒక ఫుట్‌బాల్ జట్టును కూడా వెంట తెచ్చుకున్నాడు. ఇది కాలితో ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే అమెరికా ఆట. మరి ఫుట్‌బాల్ అనడమెందుకని అడిగితే అతనికి కోపం వస్తుంది. అతను అభిమానించడం మొదలుపెట్టాక ఆ జట్టు గెలిచిన సందర్భాలు అరుదు. ఓడిన పక్షాన కూర్చోవడం నాకు కొత్త కాదు కాబట్టి నేనూ వెళ్లి చూసేవాణ్ణి.

ఏటా ఒకసారి, మూడు రోజులపాటు, డ్రాఫ్ట్ అని జరుగుతుంది. కాలేజీల్లో ఆడే కుర్రాళ్లను జట్లు వరసగా ఎంచుకుంటాయి. ఎంత చెత్తగా ఆడితే అంత ముందు ఎంచుకునే హక్కు. ఓడినవాడికి మొదటి విస్తరి వేసే ఈ మర్యాద మా కాలంలో కోర్టులకు తెలియదు.

అక్కడి రాత్రి ఇక్కడ శుక్రవారం ఉదయం. కుర్రాడు క్లినిక్‌కు వెళ్లి ఎంసీ, అంటే డాక్టరు ఇచ్చే జబ్బు చీటీ, రాయించుకుని సెలవు పెట్టాడు. బిషాన్ నుంచి వచ్చిన అతని స్నేహితుడు, కరీంనగర్ అబ్బాయి, అతనిదీ ఎంసీయే. ఇద్దరికీ కడుపునొప్పి. ఆ నొప్పితోనే తలా మూడు పెసరట్లు తిన్నారు.

"బాబాయిగారూ, టీవీ మీ చేత్తోనే పెట్టాలి. మా బంతి విసిరేవాడి ముందు గోడలాగా నిలబడే లావుపాటోడు ఈసారి మాకు పడాలి," అన్నాడు కుర్రాడు.

చెయ్యి తుడుచుకుని రిమోట్ నొక్కాను. కాసేపటికి వాళ్ల జట్టు వంతు వచ్చింది. వేదిక మీద పెద్దమనిషి ఒక పేరు చదివి, కార్నర్‌బ్యాక్ అన్నాడు.

"కార్నర్‌బ్యాకా?" అన్నాడు కుర్రాడు, ఇంట్లో ఎవరో పోయినట్టు.

"ఏందన్నా ఇది. ఇంటికి గోడల్లేవంటే కర్టెన్లు కొన్నరు," అన్నాడు కరీంనగర్ అబ్బాయి. "జర చూడు, ఎంత సన్నగున్నడో. గాలొస్తే వోతడు."

"చేతులు పొట్టివిరా. కొలిచారంట కూడా."

టీవీలో కొత్త సూటు వేసుకున్న ఆ పిల్లవాడు తల్లిని పట్టుకుని ఏడుస్తున్నాడు. వీళ్లు పెళ్లిచూపులకు వచ్చిన మేనత్తల్లాగా వాడి ఎత్తూ బరువూ ఎంచుతున్నారు.

"ఏం చేస్తాడు వాడు?" అని అడిగాను.

"మైదానం అంచున ఉంటాడు బాబాయిగారూ. అవతల బంతి అందుకోవడానికి పరిగెత్తేవాణ్ణి అంటిపెట్టుకుని, వాడికి అందకుండా చూస్తాడు."

"మంచి పనేగా?"

"మంచిదే. మాకు అక్కర్లేని పని."

అప్పుడు కుర్రాడి కూతురు, బడికి బయల్దేరుతూ బూట్లు వేసుకుంటున్నది, తల ఎత్తకుండానే అంది: "అంకుల్ ఆన్ చేశారు కదా డాడీ. సో స్వే లా."

స్వే అంటే ఇక్కడి చీనావాళ్ల మాటలో దరిద్రం. కుర్రాడు "తప్పమ్మా" అన్నాడు, నవ్వు ఆపుకోకుండానే. మా వంశాన్ని కోర్టులు దివాలా అన్నాయి, బంధువులు దుబారా అన్నారు. దరిద్రపు చెయ్యి అని మాత్రం ఎవరూ అనలేదు. మిగిలిన ఒక్క ఆస్తీ పుంగ్గోల్‌లో, పెసరట్ల మధ్య, ఒక సన్నపాటి పిల్లవాడి మూలంగా పోయేలా ఉంది.

"రేపు చెయ్యి మారుద్దామన్నా," అన్నాడు కరీంనగర్ అబ్బాయి. "మా మామ వచ్చిండు. ఆయన చేత్తోని వైన్‌షాపు తెరిస్తే ఊరంత తాగుడే."

మర్నాడూ వెళ్లాను. వెళ్లకపోతే ఆ మాట ఒప్పుకున్నట్టవుతుంది. వైన్‌షాపు మామగారు శాస్త్రోక్తంగా టీవీ పెట్టారు. జట్టు ఈసారి పంటర్‌ను ఎంచుకుంది. అంటే జట్టుకు ఏమీ చేతకాక బంతిని అవతలివాళ్లకు అప్పగించాల్సి వచ్చినప్పుడు, కనీసం దూరంగా తన్నిపెట్టేవాడు. దాన్ని ఎవరూ స్వే అనలేదు. మామగారు ఇంకో అట్టు అడిగారు.

సెప్టెంబరులో ఆటలు మొదలయ్యాయి. మొదటిది ఇక్కడ సోమవారం ఉదయం. కడుపునొప్పులు మళ్లీ వచ్చాయి. టీవీ కుర్రాడే పెట్టుకున్నాడు. రిమోట్ నా వైపు రాలేదు, నేనూ చెయ్యి చాచలేదు. ఆ కార్నర్‌బ్యాక్ పిల్లవాణ్ణి మాత్రం కళ్లప్పగించి చూశాను. నా పరువు వాడి పొట్టి చేతుల్లో ఉంది మరి.

చాలాసేపటికి కరీంనగర్ అబ్బాయి అన్నాడు, "మనోడు ఏడున్నడే? కనవడుతనే లేడు."

కుర్రాడు రిమోట్ అందుకున్నాడు. ఆటను వెనక్కి తిప్పి చూశాడు, మళ్లీ తిప్పాడు. "అటువైపు బంతే వేయట్లేదురా," అన్నాడు చివరికి. "మొదట్లో రెండుసార్లు వేశారు, రెండుసార్లూ కొట్టిపడేశాడు. ఇంక అటు చూడటానికే భయపడుతున్నారు."

"అంటే ఏం గాకపోవుడే గొప్పనా?"

ఏమీ జరగకుండా ఉంటే ఎంత గొప్పో మా దివాణాన్ని అడగాలి. కాని దివాణం సంగతులు ఇలాంటివాళ్లకు చెప్పే అలవాటు లేక ఊరుకున్నాను.

జట్టు ఎప్పటిలాగే ఓడింది, గోడ లేక. పంటర్‌కు మాత్రం ఒక్క క్షణం తీరిక దొరకలేదు. మామగారి హస్తవాసి అంతటిది.

కుర్రాడు నన్ను ఎల్ఆర్‌టీ స్టేషన్ దాకా దిగబెట్టడానికి వచ్చాడు. ఎప్పుడూ లిఫ్టు దగ్గరే ఆగిపోయేవాడు.

"వచ్చే సోమవారం మీరే పెట్టాలి బాబాయిగారూ. పిల్ల మాట మనసులో పెట్టుకోకండి."

"ఏ మాట?" అన్నాను. "వచ్చేవారం నాకు వీలవుతుందో లేదో. చూసుకుని ఫోన్ చేస్తాను."

రైలు ఎక్కాను. నాకు ఆ వారమే కాదు, ఏ వారమూ పని లేదు. అయినా మా ఇంట్లో అడగగానే ఒప్పుకునే అలవాటు లేదు. శనివారం దాకా ఫోన్ ముట్టుకోకుండా ఉండటానికి మాత్రం చాలా అవస్థ పడ్డాను.