గంజి షెడ్డు ఎక్కడుండేది

2023 ఫిబ్రవరి. బళ్ళారి గాంధీనగర్‌లో నాకు చిన్న సర్వే ఆఫీసు ఉంది. సివిల్ డిప్లొమా అయ్యాక నేను ఎక్కువగా చేసింది హద్దులు కొలవడమే: లేఅవుట్లు, కాలువ పక్క పొలాలు, అన్నదమ్ముల వాటాలు. ఆ నెలలో వచ్చిన పని మాత్రం ఈ మూడింటిలో దేని కిందికీ రాలేదు.

తెచ్చింది శ్రీలత. కంప్లి అమ్మాయి, ఎం.ఏ. చరిత్ర చదువుతోంది. పందొమ్మిదో శతాబ్దపు కరువుల మీద డిసర్టేషన్ రాస్తూ, ఆ కాలం మీదే ఒక నవల కూడా రాస్తోంది. నవలలో దూరాలు, దిక్కులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని నవంబరులోనే నాకొక అధ్యాయం పంపింది. ఈసారి సిరుగుప్ప దగ్గరి ఒక ఊరి పాత పటం స్కాన్ తెచ్చింది. అందులో తూర్పు వైపు ఒక చిన్న దీర్ఘచతురస్రం, పక్కన చేతిరాతతో గంజి షెడ్డు అని ఉంది. కరువులో జనానికి గంజి పోసిన చోటు.

"అది ఇప్పుడు యాడ ఉండాదో చెప్పగలరా అన్నా? సోమవారం లోపల కావాల."

తొందరకు కారణం ఉంది. అక్కడి పొలం నాగరాజ శెట్టిది. బళ్ళారి బజారులో బియ్యం వ్యాపారి. మళ్ళను ఒకటిగా కలపడానికి మూడు గట్లు తీయించబోతున్నాడు. వాటిలో ఒక గట్టు మీద కూలి ఆడవాళ్ళకు ఏదో ఆచారం ఉంది. దాన్ని ముట్టవద్దని వాళ్ళు ఆయన్ని అడిగారు. శెట్టి మొండివాడు కాదు. ఫోనులో నాతో అన్నాడు: "పెద్దోళ్ళు గంజి తాగిన జాగా అంటాండారు. అది నిజంగా నా పొలంలో ఉంటే గట్టు ముట్టను. లేదంటే సోమవారం జేసీబీ వస్తాది."

పాత పటాన్ని ఇప్పటి నేల మీద కొలతలతో పరచడాన్ని జియోరిఫరెన్సింగ్ అంటారు. దానికి అప్పుడూ ఇప్పుడూ మారని గుర్తులు కావాలి. వాటిని కంట్రోల్ పాయింట్లు అంటాం. ఊరికి పోకుండానే, ఉపగ్రహ చిత్రం, సర్వే రికార్డులు చూసి ఐదు పట్టాను: బురుజు, దిగుడు బావి, గుడి ధ్వజస్తంభం, గుట్ట మీది బండ, తూర్పు పొలిమేర రాయి. మొదటి నాలుగూ రెండు మీటర్ల లోపు కుదిరాయి. రాయి మాత్రం ముప్పై ఒక్క మీటర్లు తప్పింది. మా వైపు రాళ్ళు రాత్రికి రాత్రి జరుగుతాయి. ఈ వృత్తిలో ఉన్నవాడికి అది కొత్త కాదు. ఎవరో జరిపి ఉంటారనుకుని ఆ పాయింటు తీసేశాను. షెడ్డు శెట్టి పొలానికి పడమర, కాలువ జాగాలో పడింది. శుక్రవారం షీటు మీద సంతకం చేసి శెట్టికి, శ్రీలతకు పంపేశాను.

శనివారం మధ్యాహ్నం శ్రీలతకు ఆ చోటు చూపిద్దామని తీసుకెళ్ళాను. ఆ ఊరికి మేమిద్దరం రావడం అదే మొదటిసారి. షెడ్డు అనుకున్న చోట మేకు దిగ్గొడుతుండగా, మిరప కోతకు పోయిన ఆడవాళ్ళు తిరిగి వస్తున్నారు. పన్నెండు మంది. ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ వచ్చినవాళ్ళు, మాకు తూర్పున శెట్టి పొలం గట్టు ఎక్కగానే మాట ఆపేశారు. ప్రతి ఒక్కరూ ముందున్న మనిషి భుజం మీద కుడి చెయ్యి వేశారు. అలాగే వరుసగా, చాలా మెల్లగా నడిచారు. గట్టు మధ్యలో ఏమీ లేని ఒక చోటికి రాగానే ఒక్కొక్కరే చెయ్యి తీసేశారు.

శ్రీలత నా వైపు తిరిగింది. "అన్నా, నా అధ్యాయం."

ఫోనులో తెరిచాను. ఫైలు నవంబరుదే. అందులో గంజి కోసం నిలబడ్డవాళ్ళు ముందువాళ్ళ భుజం పట్టుకుని ఉంటారు. ఎవరు పడిపోయారో వెనకవాళ్ళ చేతికి తెలుస్తుంది. అది ఏ రికార్డులోనూ లేదని, తానే కల్పించానని అప్పుడే నాకు చెప్పింది.

వరుసలో చివర వచ్చినామె హనుమక్క. ఆ కూలి గుంపుకు పెద్ద.

"ఎందుకు పట్టుకుంటారక్కా?" అని శ్రీలత అడిగింది.

"మా అవ్వ పట్టుకుంటా ఉండె, మా అమ్మ పట్టుకుంటా ఉండె. మేమూ అంతే, సుమ్నే, ఊరికే."

"ఇంజినీరప్ప ముఖం సూడండే, దడుసుకున్నాడు," అని ఒకామె నవ్వింది.

నేను గమనించింది వేరు. హనుమక్క వెనక ఎవరూ లేరు. అయినా గట్టు పొడవునా ఆమె భుజం కాస్త వంచి నడిచింది. ఎందుకని అడిగాను.

"యెనకాలోళ్ళకు అందొద్దా అప్పా?" అంది, అదేమంత అడగాల్సిన సంగతి అన్నట్టు.

ఆమె వెనక గట్టు వైపు రెండుసార్లు చూశాను. ఖాళీగా ఉంది.

చేతులు వేసిన చోటు, తీసిన చోటు రెండూ రోవర్‌తో తీసుకున్నాను. రోవర్ అంటే ఉపగ్రహ సంకేతాలతో స్థానం చెప్పే కర్ర. తేడా వస్తే రెండు మూడు సెంటీమీటర్లు. నా మేకు నుంచి గట్టుకు తూర్పుగా ముప్పై ఒక్క మీటర్లు వచ్చింది. రాయి తప్పిన దూరమూ అదే, దిక్కూ అదే.

ఆదివారం పొద్దున శ్రీలత అసలు పటాన్ని తీసిన ఫొటోలన్నీ ముందు పెట్టుకుని చూశాం. పటం మధ్యలో నిలువుగా మడత ఉంది. స్కాన్ చేసినవాళ్ళు రెండు సగాలు విడిగా తీసి అతికించారు. మడతలోకి పోయిన పట్టీ రాలేదు. దాంతో మడతకు తూర్పున ఉన్నదంతా, నేల మీద లెక్కిస్తే ముప్పై ఒక్క మీటర్లు, పడమరకు జరిగింది. నాకు కుదిరిన నాలుగు గుర్తులూ మడతకు ఒకే వైపు ఉన్నాయి. రెండో వైపున్నది ఆ రాయి ఒక్కటే. దాన్ని ఎవరూ జరపలేదు. తూర్పు సగాన్ని సరిచేస్తే షెడ్డు పొడవాటి గోడ గట్టు మీద పడింది. ఆడవాళ్ళు చేతులు తీసిన చోట, పటంలో గోడకు ఖాళీ వదిలి ఉంది. వాకిలి.

శెట్టికి ఫోన్ చేశాను.

"శుక్రవారం సంతకం ఎవరిదప్పా?"

"నాదే శెట్టి గారూ. తప్పు చేశాను. షెడ్డు మీ పొలంలోనే ఉంది."

"రేపు ఇంకోటి చెప్పవని ఏంది గ్యారంటీ?"

"రాయి, మడత, గట్టు మూడూ ఒకే కొలత చెప్తున్నాయి. కొత్త షీటు రాసి ఇస్తాను, పాతది తప్పని కూడా రాస్తాను."

"ఆ ఆడోళ్ళు ముందే చెప్పిరి కదప్పా. నీ మిషను మాటకు నేను కాచుకుంటి."

సోమవారం జేసీబీ వచ్చింది. రెండు గట్లు తీసి వెళ్ళిపోయింది. మూడోది ఉండిపోయింది.

శ్రీలత హనుమక్క మాటల్ని ఉన్నవి ఉన్నట్టు డిసర్టేషన్‌లో రాసింది. నవలలోంచి ఆ వరుసను తీసేసింది. "నేను కల్పించినానని పెట్టుకోడానికి చెయ్యి రాలేదన్నా" అంది. ఆ ఆచారం గురించి చిన్నప్పుడు ఎవరైనా చెప్పారేమోనని ఇంట్లో అందర్నీ అడిగింది. ఎవరికీ తెలియదు. పటం ఎందుకు తప్పిందో నేను వివరించగలను. అధ్యాయం ఎందుకు కుదిరిందో వివరించలేను.

సరిపోని పాయింటును ఇప్పటికీ తీసేస్తాను. అయితే ముందు ఆ చోటికి వెళ్ళి నిలబడతాను, అక్కడ రోజూ నడిచేవాళ్ళను అడుగుతాను. ఆ రోజు నేను కొలిచింది పన్నెండు మంది చేతులు తీసిన చోటు. హనుమక్క వెనక వరుస ఎంత దూరం ఉందో చెప్పే పరికరం నా దగ్గర లేదు.