బెల్టు పెట్టుకున్న రేడియో

టాపాయనకు ఈ లోకంలో ఒక్కటే శత్రువు. గాలి.

అందరికీ తగిలే గాలి కాదు. ఆయన జీపు టాపు సందుల్లోంచి దూరి చెవి పక్కన ఈల వేసే గాలి. ఆ టాపు గట్టిదే గానీ బోల్టులు విప్పితే ఊడి వస్తుంది. కొన్న కొత్తలో ఆ సంగతి నలుగురికీ చెప్పి మీసం మెలేశాడు. ఊడి వచ్చే టాపుకి చుట్టూ అతుకులుంటాయనీ, ప్రతి అతుకూ ఒక ఈలపాట నేర్చుకుంటుందనీ అమ్మినవాడు చెప్పలేదు. వీధివాళ్ళు టాపాయన అని పేరు పెట్టారు. ఆయన అది బిరుదనుకున్నాడు.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. కళ్ళ మీద బతికే మనిషికి ఈ చెవుల పిచ్చి ఎక్కడ దాపురించిందో ఆయన ఇల్లాలికి అంతుపట్టేది కాదు.

ఇంట్లో మెత్తగా ఉన్న వస్తువేదీ దక్కలేదు. మొదట ఆవిడ రబ్బరు చెప్పులు ముక్కలై జీపు వెనక అద్దం అంచున తేలాయి. తరువాత ఆవిడ వ్యాయామం చాప వెళ్ళి టాపు లోపల అతుక్కుంది.

“నా చాప ఏదండీ?”

“నువ్వు వ్యాయామం చేస్తావా?”

“చేద్దామనుకుంటున్నా.”

“అనుకోవడానికి చాప ఎందుకోయ్?”

తరువాత పౌడరు డబ్బా వంతు. రబ్బరు పట్టీలన్నిటికీ పౌడరు పూసి, టాపు బిగించి, మళ్ళీ విప్పి చూసేవాడు. టాపుకి పౌడరు అంటని చోట సందు ఉన్నట్టు లెక్క.

“పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మొహాన్ని ఇంత శ్రద్ధగా ఎప్పుడైనా చూశారా?” అంది ఆవిడ.

“నీ మొహంలో సందులెక్కడున్నాయి?” అన్నాడు. పొగిడాననే అనుకున్నాడు పాపం.

దుకాణంలో చూపు పరీక్ష చార్టుకు కూడా ఆయుష్షు తీరింది. దాన్ని కింది నుంచి సన్నని పట్టీలుగా కత్తిరించి, తలుపు సందులో పెట్టి లాగేవాడు. కాగితం బిగుసుకుంటే సరే, జారి వస్తే గాలికి దారి ఉన్నట్టు.

“కింది వరస చదవండి” అనేవాడు అలవాటు చొప్పున.

“కింది వరస లేదండీ” అనేవారు కళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు.

“ఆ... అది జీపులో ఉంది. పై వరస చదవండి.”

ఇవన్నీ భరించవచ్చు. ఆవిడ భరించలేనిది వంటింటి రేడియో దొంగతనం. రోజూ సాయంత్రం దాన్ని పట్టుకెళ్ళి వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, సణుగుడంత సన్నగా మోగించి, ఊరి బయట రోడ్డు మీద తిప్పుకొచ్చేవాడు. మీటకి ఆవిడ గోళ్ళరంగుతోనే ఎర్ర చుక్క పెట్టాడు. ఆ చుక్క దాటి పెంచకూడదట. ముందు సీట్లో తనకు అది వినపడాలట.

“పెంచితే వినపడుతుందిగా?” అంది ఆవిడ.

“పెంచకుండా వినపడాలి.”

“నన్ను బెల్టు పెట్టుకున్నావా అని ఏనాడూ అడగలేదు మీరు.”

“నువ్వు సీట్లోంచి దొర్లవుగా.”

శనివారం వచ్చిందంటే ఆ సీటు వదినది. వదినంటే టాపాయన అక్క, పక్క వీధిలోనే ఉంటుంది. ఒకప్పుడు బళ్ళో పంతులమ్మ. ఆవిడ గదమాయిస్తే పక్క బడి పిల్లలు కూడా చేతులు కట్టుకునేవారు. గొంతుకి ఆపరేషన్ అయ్యాక మాట దారప్పోగంత సన్నబడింది. మాట సాధన చేయించడానికి ప్రతి శనివారం జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు. కాళ్ళు చాపుకోవాలని ఆవిడ వెనక కూర్చునేది. దారిలో పెదాలు కదిలేవి. “ఏంటక్కా?” అని తమ్ముడు అరిచేవాడు. గాలి ఈల వేసేది. వదిన ఏం లేదన్నట్టు చెయ్యి ఊపి కిటికీ వైపు తిరిగేది.

ఆపరేషన్ తరువాత వదిన మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు కూడా ఈ మహానుభావుడు రేడియో పక్కన పెట్టుకుని, ఆవిడ మాట్లాడుతుంటే మీట తిప్పుతూ కూర్చున్నాడు. “మనిషి మాట్లాడుతుంటే ఆ ఆటలేంటి?” అని ఆ రోజు ఇల్లాలు చీవాట్లు పెట్టింది.

చివరికి ఒకనాడు వదిన తేల్చేసింది. “వచ్చే వారం నుంచి బస్సులో వెళ్తాలే అమ్మాయ్.”

ఇల్లాలికి ఒళ్ళు మండింది. “విన్నారా? మీ జీపు గోల పడలేక వదిన బస్సెక్కుతానంటోంది. ఈ శనివారం ఆఖరు. ఈల వినపడిందా, ఆదివారం జీపు అమ్మేయాలి. మా అన్నయ్య మామూలు కారు చూసి పెట్టాడు.”

“సరే” అన్నాడు టాపాయన. మొహం మాత్రం చిన్నబోయింది.

శుక్రవారం భోజనాల దగ్గర కూడా ఆయన ధ్యాస ఆ సందు మీదే. “పట్టీ సరిగ్గానే అంటిస్తున్నా. మర్నాటికల్లా మూల దగ్గర వదిలేస్తోంది.”

“సాగదీసి అంటిస్తున్నారా?”

“మరి! బిగువుగా ఉండొద్దూ?”

“మీ పైజామాకి ఎలాస్టిక్ సాగదీసి కుడితే ఏమవుతుంది? ముడుచుకుంటుంది. రబ్బరుకి మాత్రం మీరంటే ప్రత్యేకంగా భయమా?”

ఆయన ఎంగిలి చేత్తోనే జీపు దగ్గరికి పరుగెత్తాడు.

శనివారం అందరూ ఎక్కారు. రేడియోని ఇల్లాలి ఒళ్ళో పెట్టాడు, ఈవాళ దీనితో పని లేదన్నట్టు. తలుపు పడలేదు. లోపలి గాలి పోవడానికి చీమ దూరేంత సందు కూడా లేదు మరి. అద్దం దించి, తలుపు వేసి, మళ్ళీ అద్దం ఎత్తాల్సి వచ్చింది. ఊరు దాటారు. జీపు వేగం అందుకుంది. ఆవిడ ఈల కోసం చెవులు రిక్కించింది. లేదు.

టాపాయన స్టీరింగు మీదకి వంగిపోయి, అద్దంలో వెనక సీటు వైపే చూస్తున్నాడు.

వదిన పెదాలు కదిలాయి.

“ఒరేయ్ తమ్ముడూ, ఉక్కపోస్తోందిరా. కాస్త అద్దం దించు.”

సన్నగా, సణుగుడంత. కానీ ప్రతి అక్షరం వినపడింది. ఇల్లాలు ఒళ్ళోని రేడియో వైపు చూసింది. ఎర్ర చుక్క. ఇన్నాళ్ళూ ఆ చుక్క దగ్గర రేడియో పలికిన గొంతు సరిగ్గా ఇంతే.

“విన్నావుటోయ్? అక్క ఉక్కపోస్తోందంటోంది!” అన్నాడు టాపాయన, లాటరీ తగిలినవాడిలా.

“వినపడింది లెండి. దించండి మరి” అంది ఆవిడ.

నెలల తరబడి చెప్పులూ చాపా పౌడరూ బలిచ్చి బయటికి గెంటిన గాలిని ఆయన మీట నొక్కి మళ్ళీ లోపలికి పిలిచాడు. అది ఈల వేసుకుంటూ వచ్చింది. అక్క మాట మునిగిపోకుండా జీపుని నడిచే మనిషంత నెమ్మదిగా పోనిచ్చాడు. వదిన ఆగకుండా చెబుతోంది. బస్సు ఊసు లేదు. అన్నయ్య చూసిన కారు ఊసు ఇల్లాలూ ఎత్తలేదు.

వెనక లారీవాడు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది.

“ఉండవయ్యా బాబూ! ఇక్కడ మాట్లాడుకుంటున్నాం!”