దుప్పటి రెండో కొస

మా వీధి చివరింటి పిన్ని ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది. ఆరిన దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. ఆ రెండో మనిషి ఆవిడ కూతురే. పిన్ని చూడకుండానే ఒక కొస విసిరేది, కూతురు గాల్లోనే అందుకునేది. దేవుడు గోతిలోకి దిగి మనిషిని పైకి తీశాడని ఓ పాట పాడుకుంటూ మడిచేవాళ్ళు. చరణం అయ్యేసరికి దుప్పటి మడత పడేది.

ఆ పిల్ల జ్వరమొచ్చి అదే ఆసుపత్రిలో పోయింది. ఆమె కప్పుకున్న దుప్పటి కూడా ఉతకడానికి అక్కడికే వచ్చింది. ఏది ఆమెదో తెలీక, ఆరోజు వచ్చినవన్నీ పిన్నే ఉతికింది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆ తర్వాత పాట ఆగిపోయింది. మోకరిస్తే ప్రార్థన రాలేదు.

"పిల్లని తీసుకున్నావు, సరే. నువ్వు కాపాడతావన్న సంతోషం కూడా పోతే నాకింకేం మిగిలిందయ్యా?" అని ఒక్కటే అడిగేది.

చేతికి మాత్రం అలవాటు చావలేదు. కొస విసిరేది, అది పోయి తడినేల మీద పడేది. మళ్ళీ ఉతుకుడు, మేస్త్రీ తిట్లు.

సబ్బు కలిపే ముసలావిడని అందరూ సబ్బత్త అనేవాళ్ళు. సబ్బు నీళ్ళలో నాని నాని ఆవిడ వేళ్ళు కొంకర్లు పోయాయి గానీ, నోరు మాత్రం పదునే.

"ఏమే, నేలకి చలేస్తోందా, కప్పుతున్నావు?" అనేది.

ఓ పొద్దున పిన్ని విసిరిన కొస కింద పడలేదు. తలెత్తి చూస్తే సబ్బత్త. కొంకర్లు పోయిన వేళ్ళతో పట్టలేక, రెండు మోచేతులతో దుప్పటిని గుండెకి అదిమి పట్టుకుని నిలబడింది.

"చూస్తావేం? పాటెత్తుకో. పాట లేకపోతే ఎప్పుడు మడవాలో నాకెలా తెలుస్తుంది?"

"నావల్ల కావట్లేదత్తా."

"అయితే నేనే పాడతా. తర్వాత నన్ననకు."

పాడింది. రాగం ఎటో పోయింది. దేవుణ్ణి గోతిలోకైతే దించింది గానీ, తర్వాతి మాటలు రాక అక్కడే ఆగి, దించిందే మళ్ళీ మళ్ళీ దించసాగింది.

"పైకి తియ్యత్తా, ఎంతసేపని ఉంచుతావాయన్ని గోతిలో!" అంది పిన్ని. అంటూనే నవ్వేసింది. నవ్వుతూనే నోరు కొంగుతో మూసుకుంది.

కొంగు దించి మెల్లగా అంది, "ఇన్నాళ్ళూ ఆయన పైనెక్కడో ఉన్నాడని అరిచాను. ఇక్కడే, ఈ గోతిలోనే, నా పక్కన ఉన్నాడత్తా."

తర్వాతి మాటలు తనే అందుకుంది. గొంతు బొంగురుగా వచ్చింది, అయినా వచ్చింది.

దుప్పటి వంకరగా మడత పడింది. మేస్త్రీ చూసి, విప్పి మళ్ళీ మడవమన్నాడు. మళ్ళీ మొదటినుంచీ పాడారు.