అమ్మ చీరలకు స్టీలు బేసిను

గది ఖాళీ చేయబోయి కొంప ముంచుకున్నవాడిని చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, నన్ను చూడండి. మీరు నవ్వుకోవచ్చు. మా ఆవిడ నాగలక్ష్మి మాత్రం ఈ విషయంలో ఇప్పటికీ నవ్వలేదు.

మాది ఎమ్మిగనూరు. అప్పట్లో నాకొక జబ్బుండేది. ఆదోనికి ఏ పనిమీద పోయినా, పాత సామాన్ల దుకాణంలో తల దూర్చందే తిరుగు బస్సెక్కేవాణ్ణి కాదు. చవగ్గా వస్తుందంటే చాలు, ఎందుకని అడగను. అట్లా మా మూలగదిలోకి ఒక సెలూను కుర్చీ వచ్చింది, రెక్కల్లేని ఫ్యాను వచ్చింది, ఒంటి పెడలు సైకిలు వచ్చింది.

ఇంతలో ఆదోనిలో ఉన్న మా అమ్మాయి శైలజను తొలి కాన్పుకు తెచ్చుకోవాల్సి వచ్చింది. బాలింతకు ఆ మూలగదే కావాలి. పిల్లను తీసుకురావడానికి పోతూ నాగలక్ష్మి గుమ్మంలో ఆగింది.

“నేనొచ్చేలోగా ఈ గది ఖాళీ కావల్ల. ఒక్క సామాను లోపలికొచ్చిందంటే నేను బయటికి పోతా” అనింది.

నాకు రోషమొచ్చింది. దుకాణమాయన్ను పిలిపించి మొత్తం ఆటోకెత్తించాను. పోతూ పోతూ ఆయన, సగం ధరకు సోఫా ఉందని ఊరించాడు. వద్దన్నాను! నన్ను నేనే నమ్మలేకపోయాను.

ఇక అటకమీద పాత చీరల మూట ఒక్కటి మిగిలింది. అప్పుడే వీధిలో “పాత బట్టలకు స్టీలు సామాన్లూ” అని కేక. నందవరం మార్తమ్మ, నెత్తిన గంపతో. ఇది కొనడం కాదు కదా, ఇవ్వడమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆమె చెంబు ఇస్తానంది. నేను వకీలులా వాదించి పెద్ద బేసిను రాబట్టాను.

సాయంత్రం తల్లీకూతుళ్ళు వచ్చారు. ఖాళీ గది చూసి నాగలక్ష్మి అడక్కుండానే కాఫీ ఇచ్చింది. తరువాత అటకవైపు చూసింది. నేను గర్వంగా బేసిను తెచ్చి ముందు పెట్టాను.

మా ఇళ్ళలో పదకొండోరోజు పురుడు చేసేదాకా పసిబిడ్డకు కొత్తబట్ట తగిలించరు. కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలమీదే పడుకోబెడతారు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ మూట అందుకేనని మాత్రం తట్టలేదు.

“అత్తమ్మ పోయేముందర శైలు బిడ్డకని నా చేతికిచ్చిన చీరలయ్యా అవి” అనింది నాగలక్ష్మి మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది. శైలజ ముఖం తిప్పుకుని ఏడ్చింది. మా అమ్మ చీరలు నేనే గుర్తుపట్టలేదు. ఆ రాత్రి అన్నం దిగలేదు.

పొద్దున్నే బేసిను ఒళ్ళో పెట్టుకుని నందవరం ఆటో ఎక్కాను. దారిపొడవునా జనం దాని ధర అడుగుతూనే ఉన్నారు. మార్తమ్మ ఇల్లు పట్టుకుని, నసుగుతూ వచ్చిన పని చెప్పాను. ఆమె లోపలికి పిలిచింది. కాన్పయిన కూతుర్ని ముందురోజే ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నారట. బిడ్డ మా అమ్మ నీలంచు చీరమీద నిద్రపోతోంది. మిగతావి చించి, ఉతికి, దండెంమీద ఆరేశారు.

“శానా మెత్తగుండాయన్నా. మా ఇంట్లో ఇట్లాంటివి యాడుండాయి? నీ తల్లివంటాండావు, బిడ్డను లేపుతాలే, తీసకపో” అనింది.

“వద్దులేమ్మా, పండుకోనీ” అన్నాను. పసిబిడ్డను చూసి ఉత్తచేతులతో రాకూడదు కదా. చేతిలో ఉన్నది బేసినే. అదీ అక్కడే పెట్టి వచ్చాను.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. నాగలక్ష్మి తను రోజూ కట్టుకునే నూలు చీరలు రెండు తెచ్చి చించడం మొదలుపెట్టింది. మా అమ్మ చీర మాత్రం మా మనవరాలికి దక్కలేదు. ఆ దిగులు నాకు ఈరోజుకీ పోలేదు.

మనవరాలు పుట్టి ఇంటికొచ్చినరోజు దాన్ని ఒళ్ళో పెట్టుకుని అందరిముందూ ప్రమాణం చేశాను: ఇకమీదట ఈ ఇంట్లోంచి చీపురుపుల్ల బయటికి పోవాలన్నా, చెంచా లోపలికి రావాలన్నా నేను నోరు మెదపను. అది విని మనవరాలు నా పంచె తడిపింది.

“ఆ పంచ మెత్తగుంది. ఇప్పి ఈడియ్యి” అనింది నాగలక్ష్మి.