మేస్టారు వేసుకున్న మెడల్

ఇవాళ సాయంత్రం మా డ్రిల్లు మేస్టారు ఇంటికొచ్చారు. పాలకొల్లు హైస్కూల్లో నాకు పరుగు నేర్పింది ఆయనే. పోయిన ఆదివారం నేను హైదరాబాదులో మారథాన్ పూర్తి చేశానని ఎవరో చెప్పారట, పూతరేకుల పెట్టె పట్టుకుని ఆటోలో వచ్చేశారు.

"ఆ పరుగు మొదలెట్టిన ఏడాది నేనూ వెళ్ళానురా. ఒక తరగతి గదికి సరిపడా జనం కూడా లేం. నీళ్ళిచ్చేవాళ్ళే లేరు. లారీల పక్కనే పరిగెత్తాం. చిట్టచివర వచ్చాను గానీ, మొత్తం పరిగెత్తాను" అన్నారు.

ఇప్పుడు వేలమంది వస్తారని, పోలీసులు రోడ్డంతా ఖాళీ చేయిస్తారని, దారి పొడవునా నీళ్ళూ అరటిపళ్ళూ పెడతారని చెబుతుంటే ఆశ్చర్యంగా విన్నారు. తర్వాత గోడకి వేలాడుతున్న మెడల్ చూశారు.

"మాకివన్నీ ఇవ్వలేదురా. ఒక్కసారి వేసుకోనా?"

వేసుకుని, చొక్కా సర్దుకుని, అద్దం ముందు నిలబడ్డారు.

నిజం ఏంటంటే, నేను సగం దూరంలోనే కూలబడ్డాను. పరిగెత్తలేకపోయినవాళ్ళని ఎక్కించుకునే బస్సెక్కి, ముగింపు గేటు దగ్గర దిగి జనంలో కలిసిపోయాను. అక్కడ ఒకమ్మాయి నవ్వుతూ నా మెడలో మెడల్ వేసింది. వద్దనలేదు. ఆఫీసులో, ఇంట్లో అదే అబద్ధం కొనసాగించాను. ఇవాళ మేస్టారికి కూడా నిజం చెప్పలేదు. సిగ్గుతో ఆయన మొహం చూడలేకపోయాను.

రేపు పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి చెప్పేస్తాను. మీలో ఎవరైనా ఇలాంటి తప్పు ఒప్పుకుని ఉంటే కాస్త చెప్పండి, మొదటి మాట ఏమని మొదలుపెట్టారు?