గాజులమ్మకు కర్పూరం

మధ్యాహ్నం తెలుగు క్లాసులో నాకు నిద్ర రాదు. నిద్రకన్నా ఒక మెట్టు పైన ఇంకొకటి ఉంది, అది వస్తుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, చెవులు వింటూనే ఉంటాయి, నేను మాత్రం అక్కడ ఉండను. హోసూరులో మా కాలేజీ రెండో అంతస్తు కిటికీలోంచి చూస్తే ఫ్యాక్టరీల రేకుల కప్పులు, వాటి వెనక బూడిదరంగు కొండలు. ఎండకు ఆ రేకులు నీళ్ళలా కదులుతుంటాయి. అవి చూస్తూ, ఇంట్లో నాకు పెట్టిన పరధ్యానం పిల్ల అన్న పేరు నిలబెట్టుకుంటూ కూర్చుంటాను.

మా తెలుగు మేడం ఆంధ్రా నుంచి ఇటు తమిళనాడుకు వచ్చినావిడ. భర్తకు ఇక్కడ ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికితే వెంట వచ్చి మా కాలేజీలో చేరింది. మేము వచ్చినాను, పోయినాను అంటే మొదట్లో ముద్దుగా నవ్వేది. తర్వాత తనకే అలవాటైపోయి, ఒకరోజు హాజరు పిలుస్తూ "ఇంకా ఎవరు రాలేదప్పా?" అనేసింది. ఆ రోజు మేం బల్లలు చరిచిన చప్పుడు ప్రిన్సిపాల్ గది దాకా వెళ్ళింది.

ఆవిడ చదివించే పద్ధతే వేరు. ఇది కవిత్వం, ఇది చరిత్ర అని గీత గీయదు. ఒక పద్యం చదివించి, దాని పక్కన చరిత్ర పుస్తకంలో ఒక పేజీ పెట్టి, రెండింటి మధ్యా ఒక ప్రశ్న వేసి ఊరుకుంటుంది. ఆ రోజు చదివింది ఆవుల మందను దొంగల నుంచి విడిపించబోయి ప్రాణం పోగొట్టుకున్న ఒక వీరుడి మీద పద్యం. అందులో అతని భుజాలకు, విల్లుకు, చివరికి మీసానికి కూడా చోటు దొరికింది. అన్నీ అయ్యాక, భార్య కూడా అతని వెంట వెళ్ళిందని ఒక్క మాట.

"ఎక్కడికి వెళ్ళింది?" అని అడిగింది మేడం.

"వాళ్ళమ్మోళ్ళ ఇంటికి పోయుంటాది మేడం," అన్నాడు బేరిగై నుంచి వచ్చే అబ్బాయి. అందరం నవ్వాం. నేను అందరికన్నా కాస్త ఆలస్యంగా నవ్వాను, ఎప్పటిలాగే.

మేడం నవ్వలేదు. చరిత్ర పుస్తకంలోని ఒక బొమ్మను తెర మీద వేసింది. మా కొండల్లో, పొలాల గట్ల మీద ఎప్పుడో నిలబెట్టిన పాత రాళ్ళవి. ఒక రాతి మీద విల్లు పట్టిన మగవాడు. పక్క రాతి మీద ఒక ఆడబొమ్మ, కుడిచెయ్యి పైకెత్తి ఉంది, చేతినిండా గాజులు. భర్త చితిలోకి దిగిన ఆడమనిషికి గుర్తు ఈ రాయి, ఆమె ముత్తయిదువగానే పోయిందని చెప్పడానికి ఆ గాజులు, అని పక్కన రాసి ఉంది. దాని కింద మేడం ప్రశ్న: చనిపోయినవాళ్ళకు న్యాయం చెయ్యడం మనకు సాధ్యమా? వచ్చే వారానికి జవాబు రాసుకురమ్మంది.

నా పరధ్యానం దిగిపోయింది. ఆ ఎత్తిన చెయ్యి నాకు తెలుసు. మా గాజులమ్మది అదే చెయ్యి.

మాది కెలమంగలం దాటి లోపలికి వెళ్ళాల్సిన ఊరు. మల్బరీ ఆకు పెంచి, పట్టుపురుగులను మేపి, పట్టుగూళ్ళు అమ్ముకునే ఇల్లు. మా తోట మూలన నా నడుమెత్తు రాయి ఒకటి, దాని మీద చెయ్యెత్తిన ఆడబొమ్మ. ముక్కూ మొహం తెలియనంతగా మసి పట్టేసి ఉంటుంది. ఆ చెయ్యి ఎందుకు ఎత్తిందని చిన్నప్పుడు అడిగితే మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, ఇట్టే చెప్పేది. "ఆగు అంటా ఉండాది పాపా. రోగాన్ని, వడగండ్లను, పురుగుల్ని తినే చీమల్ని ఆడనే ఆగు అంటా ఉండాది."

అందుకే కొత్త పంటకు పిల్లపురుగులు ఇంటికి వచ్చే రోజు పొద్దున, అవ్వ తొలి లేతాకు తీసుకెళ్ళి గాజులమ్మ పాదాల దగ్గర పెట్టి, అక్కడే కర్పూరం వెలిగిస్తుంది. మంట ఆరాక రాతి మీది మసిని వేలికి రాసుకుని వచ్చి, పురుగులను మేపే ఇంటి గడపకు చుక్క పెడుతుంది. మిగిలింది నా బుగ్గకు. పరీక్షలన్నీ నేను ఆ చుక్కతోనే రాశాను. అడిగినవాళ్ళకు పుట్టుమచ్చ అని చెప్పేదాన్ని.

అవ్వకు గాజులమ్మతో ఉన్న చనువు ఇంట్లో ఎవరితోనూ లేదు. తాత పోయినప్పుడు మా నాయన చంకలో బిడ్డ. ఊరి ఆడవాళ్ళు వచ్చి అవ్వ గాజులు పగలగొట్టి వెళ్ళారు. అప్పటినుంచి పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో అవ్వ చోటు గోడ పక్కన. తోట మూలన మాత్రం అందరికన్నా ముందు నిలబడేది ఆమే. ఆ రాయి ఆమెను ఎప్పుడూ వెనక్కి జరగమనలేదు. ఆకు కోస్తూ దానితో వేళాకోళం ఆడేది. "నావి పగలగొట్టేసినారు. నీ గాజుల జోలికి ఎవురూ రాలేదు చూడు, గట్టిదానివే!"

ఆ సాయంత్రం బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. దారిపొడుగునా పొలాల గట్ల మీద కనిపించిన ప్రతి రాయీ నాకు చెయ్యెత్తినట్టే అనిపించింది. ఆగమంటోందో, రక్షించమంటోందో తెలియలేదు. అవ్వకు చెబితే ఆమెకున్న ఒక్క తోడునూ నేను లాక్కున్నట్టు అవుతుంది. చెప్పకపోతే నాలుగు రోజుల్లో పిల్లపురుగులు వస్తాయి, అవ్వ మళ్ళీ వెళ్ళి ఆ కాళ్ళ దగ్గరే మంట పెడుతుంది. నాకు భయం వేసింది. మా ఊరి స్టాపు ఎప్పుడు దాటిందో చూసుకోలేదు. కండక్టరు తమిళంలో తిడుతూ తర్వాతి మలుపులో దించేశాడు.

అమ్మకు చెప్పాను. అమ్మ చేస్తున్న పని ఆపకుండానే వింది. "నువ్వు చదివింది నీ పేపర్లో రాసుకో. అవ్వకు చెప్పొద్దు. ఈ వయసులో ఆమెకు ఇంకో దేవుణ్ణి యాడనుంచి తెస్తావు?"

అమ్మ మాట న్యాయంగానే ఉంది. మేడం ప్రశ్న కూడా న్యాయంగానే ఉంది. రెండు న్యాయాల మధ్య నేను జవాబు పేపరు ముందు పెట్టుకుని, పెన్ను మూత తీస్తూ, పెడుతూ గడిపాను.

పురుగులు వచ్చే రోజు తోటంతా మంచు. ఆకుల మీది నీళ్ళకు పావడా అంచులు తడిసిపోయాయి. నాయన పిల్లపురుగులను తేవడానికి బండి మీద వెళ్ళాడు. అవ్వ తొలి ఆకు గాజులమ్మ పాదాల దగ్గర పెట్టి, కర్పూరం బిళ్ళ పెట్టి, అగ్గిపెట్టె నా చేతికిచ్చింది. ఈమధ్య ఆమె చేతులు వణుకుతున్నాయి, వెలిగించే పని నాది.

పుల్ల తీశాను. గీయలేకపోయాను.

"ఏంది పాపా, తడిసిపోయిందా?"

"లేదవ్వా."

"మరి గీయి. నాయన వచ్చేస్తాడు."

చెప్పేశాను. తెర మీది బొమ్మ, వీరుడి పద్యం, అతని వెంట వెళ్ళిందన్న మాట, అన్నీ. పుస్తకంలో చల్లగా ఉన్న వాక్యాలు మా తెలుగులోకి వచ్చేసరికి కాలాయి. భర్తతో పాటు ఈమెను కాల్చినారవ్వా అనడం తప్ప నాకు వేరే మాట దొరకలేదు.

అవ్వ రాతి మీది గాజుల చేతిని చూసింది. తర్వాత అడిగింది. "బతికుండంగానేనా?"

"అవునవ్వా."

"తనే పోయిందా, తోసినారా?"

"పుస్తకంలో రాయలేదు."

"యాడ రాస్తారు," అంది అవ్వ. మెల్లిగా రాతి ముందు కూర్చుంది. ఎడమచేత్తో తన బోసి మణికట్టును పట్టుకుంది. నోరు జారానని ఏడుపొచ్చింది. ఇక ఈమె లేచి ఇంటికి వెళ్ళిపోతుంది, ఈ మూలకు మళ్ళీ రాదు అనుకున్నాను.

అవ్వ కర్పూరం బిళ్ళను తీసి దూరంగా విసిరేసింది. "ఆ బిందె ఈడికి తేమ్మా," అంది. చేతులు కడుక్కోవడానికి తెచ్చిన బిందె అది. అందులోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఆ రాతి తల మీద పోసింది. మళ్ళీ పోసింది. చంటిబిడ్డకు పోసినట్టు, కళ్ళలో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి మరీ పోసింది. కొంగుతో మసి రుద్దింది. నల్లటి నీళ్ళు మల్బరీ మొదళ్ళలోకి పారాయి.

"ఇన్నేండ్లూ నీ కాళ్ళకాడనే అగ్గి పెడితిని గదమ్మా. ఒక మాటన్నా అనలేదే నువ్వు," అని అవ్వ ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు. నేను చెంబు తీసుకుని నీళ్ళు అందిస్తూ పోయాను. మసి వదిలిన చోట ఒక చిన్న మొహం బయటపడింది. మహా అయితే నా వయసు ఉంటుంది.

బిందె ఖాళీ అయ్యాక అవ్వ అగ్గిపెట్టె నా చేతిలోంచి తీసుకుని రొంటిన దోపుకుంది. "ఇంకమీద ఈమె ముందర ఎవురూ అగ్గి పెట్టొద్దండి. నేను పోయినాక గూడా. నీళ్ళు పోయండి, చాలు."

నాయన బండి చప్పుడు వినిపించింది. పురుగుల ఇంటి గడప దగ్గర నేను అలవాటుగా బుగ్గ ముందుకు చాపాను. వేలికి మసి లేదు. అవ్వ ఒక క్షణం ఆలోచించింది. తర్వాత గాజులు లేని తన కుడిచెయ్యి పైకెత్తి, తడి అరచేతిని తలుపు మీద గట్టిగా అద్దింది.