కారు కాగినప్పుడు పక్కన ఎవరున్నారు?

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద జరిగింది మా తాతయ్య కారుకే. అమలాపురం పక్క ఊరు మాది. తాతయ్య హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. గుండ్రటి దీపాలున్న ఆ కారు అప్పటికే ముసలిది. క్రిస్మస్ ముందు ఇంటికి సున్నం, తలుపులకి రంగులు వేయించడం మా వైపు అలవాటు. తాతయ్య ఆ వరసలో కారునీ కలిపేసేవారు. చేతికి అందిన ప్రతి ముక్కా విప్పి, తోమి, రంగేసి, మళ్ళీ తనే బిగించేదాకా ఆయనకి పండగ వచ్చినట్టుండేది కాదు.

ఓ ఏడు పండగ దాటాక కారుకి కొత్త జబ్బు పట్టుకుంది. రోడ్డు మీద పరుగెత్తినంతసేపూ బుద్ధిగా ఉండేది. ఆగితే చాలు, ఇంజను కాగిపోయి రేడియేటరు మూత దగ్గర ఆవిర్లు కక్కేది. ఆగినప్పుడు ఇంజను కట్టేయొచ్చు కదా అంటారేమో. ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటడానికి, బళ్ళని ఎక్కించుకునే పంటు కోసం వరసలో ఉన్నప్పుడు ఆ పని చేసే ధైర్యం మాకు లేదు. తీరా పంటు వచ్చాక మా ముసలి బండి మొరాయిస్తే వెనకవాళ్ళు దాటుకుని ఎక్కేస్తారు. అందుకని డ్రైవరు ఇంజను ఆపకుండా బండిలోనే కూర్చునేవాడు. తాతయ్య దిగి టీకొట్టు దగ్గర కబుర్లలో పడేవారు.

ఇక్కడే తాతయ్య బుర్రలో అనుమానపు పురుగు దూరింది. తను కార్లో ఉన్నంతసేపూ ఏమీ లేదు. తను దిగి, డ్రైవరొక్కడే ఉన్నప్పుడే కాగుతోంది. రేవులో అంతే, ఆరాధన అయ్యాక చర్చి ముందు ఇంజను ఆపకుండా సిద్ధంగా నిలబెట్టినా అంతే. రాజోలులో ఉండే మా చిన్న తాతయ్య ఆ కారు తనకి అమ్మమని ఎప్పటినుంచో అడుగుతున్నారు. డ్రైవరు అంతకుముందు పనిచేసింది వాళ్ళింట్లోనే. ఇంకేం కావాలి? తను విసుగెత్తి అమ్మేసేదాకా బండిని పాడుచేయమని తమ్ముడే వీణ్ణి పెట్టాడని తాతయ్య తేల్చేశారు.

కనిపెట్టి ఉండమని నన్ను పురమాయించారు. డ్రైవరుని నేను బాబాయి అనేదాన్ని. వెనక సీట్లో దొంగనిద్ర పోతూ చూసేదాన్ని. బాబాయి ఏం చేసినా అది తాతయ్య చెవికి నేరంలాగే వినపడేది. పక్క కారతనితో మాట్లాడాడా, కబురు పంపుతున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదా, జాగ్రత్తపడుతున్నాడు. చివరికి నాకూ ఆ తెగులు అంటుకుంది. బాబాయి జేబులో చెయ్యి పెడితే సీటు మీంచి తల ఎత్తి చూసేదాన్ని. తీరా తీసేది బీడీకట్ట.

ఓ సాయంత్రం తాతయ్య తాళంచెవి అడిగి తీసుకున్నారు.

"రేపటినుంచి నువ్వు రానక్కర్లేదోయ్."

"నేనేం చేసేనండి మేష్టారూ?"

"అది నీకే తెలియాలి."

బాబాయి అక్కణ్ణించి కదల్లేదు. "మీ అంతటివారు తీసేసేరంటే నన్నింకెవరు పెట్టుకుంటారండి?" అన్నాడు. తాతయ్య తాళంచెవి జేబులో వేసుకున్నారు.

మా మేనత్త ఆడపిల్లల స్కూల్లో సైన్సు చెప్పేది. అరుగు మీద పేపర్లు దిద్దుతున్నదల్లా లేచి వచ్చింది.

"అతను దగ్గరుంటేనే కాగుతోందంటారు, అంతేనాండి నాన్నగారూ?"

"ఆయ్, అంతే."

"అయితే అతన్ని అరుగు మీద కూర్చోబెడదామండి. బండిలో మీరు కూర్చోండి."

తాతయ్య కూర్చుని ఇంజను స్టార్టు చేశారు. బాబాయి అరుగు చివర తల వంచుకుని ఉన్నాడు. కాసేపటికి తాతయ్య చేతులు స్టీరింగు మీద ఉండగానే కారు ముందునుంచి ఆవిరి లేచింది. అప్పటి ఆయన మొహం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

"ఎవరుంటే కాగుతోందని అడిగేరు గాని, ఎప్పుడు కాగుతోందని అడగలేదండి మీరు," అంది అత్త. బండి పరుగెడితే ఎదురుగాలే రేడియేటరుని చల్లబరుస్తుందట. నిలబడితే ఆ గాలిని వెనకున్న ఫ్యాను లాగాలట. ఓ తెల్లకాగితం కారు ముందు జాలీకి ఆనించింది. ఫ్యాను గట్టిగా లాగితే కాగితం అక్కడే అతుక్కోవాలి. అది మెల్లగా జారి కింద పడింది. ఇంజను ఆపించి బానెట్ ఎత్తితే, ఫ్యాను వెండిరంగుతో ధగధగలాడుతోంది. రెక్కల వంపు మటుకు అటుదిటుగా ఉంది. గరిటె బోర్లించి పప్పు వడ్డిస్తే ఎంత వస్తుంది నాన్నగారూ అంది అత్త.

"ఎవడు తిరగేసి బిగించింది?" అంటూ తాతయ్య అప్పుడు కూడా అరుగువైపే చూశారు.

"మీరే కదా తాతయ్యా," అన్నాను నేను. "పండగకి బిగించినప్పుడు, రంగు బాగా పట్టినవైపు అందరికీ కనపడాలన్నారు."

ఇంజను చల్లారాక బాబాయే ఫ్యాను విప్పి సరిగ్గా బిగించాడు. మళ్ళీ స్టార్టు చేస్తే కాగితం జాలీకి అతుక్కుపోయింది. బండి నిలబెట్టి చీకటిపడేదాకా ఇంజను నడిపినా ఆవిరన్న మాట లేదు. తాతయ్య తాళంచెవి చాపి, పొద్దున్నే రమ్మన్నారు, రేవుకెళ్ళాలన్నారు. బాబాయి చెయ్యి చాపలేదు.

"బండి బాగుపడిందండి. నేను మటుకు రానండి మేష్టారూ."

తాతయ్య కబురు పెట్టారు, తర్వాత స్వయంగా వెళ్ళారు కూడా. బాబాయి కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, వీధి చివరిదాకా వచ్చి మర్యాదగా సాగనంపాడట. కొన్నాళ్ళకి ఎక్కడో లారీకి కుదిరాడని విన్నాం. తాతయ్య కారు ఆ తర్వాత ఎన్నడూ కాగలేదు గాని, ఆయన దాని సంగతి గొప్పగా చెప్పుకోవడం మానేశారు. నాకు బాబాయి మీద బెంగ చాలాకాలం పోలేదు.

మొన్నామధ్య నా చెవిదుద్దు ఒకటి కనపడలేదు. వంటింట్లో గిన్నెలు తోముతున్న పిల్లవైపే ముందు నా చూపు పోయింది. ఎవరు తీశారన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి కూర్చుని, ఆఖరుసారి ఎప్పుడు పెట్టుకున్నానా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. దుద్దు ఇంతవరకూ దొరకలేదు. ఆ పిల్ల మాత్రం మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే పనికి వచ్చింది.